కల్బా ఐస్ ఫ్యాక్టరీలో మాకూ ఒక గది తెరవండి

షార్జా ఆర్ట్ ఫౌండేషన్ అధ్యక్షురాలు షేఖా హూర్ అల్ ఖాసిమీ గారికి,

కల్బాలో మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీని కళకు ఇచ్చారు. 2015 షార్జా బియనాలేలో కళాకారుడు అడ్రియాన్ వియార్ రోహాస్ అక్కడ మట్టీ సిమెంటూ పొరలుపొరలుగా పోసి స్తంభాలు నిలిపారు. అంత గొప్ప చోటు. అయినా మా కూలీలు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. చూడ్డానికి రమ్మంటే మొహమాటం. చెయ్యి కలపమంటే ముందుకొస్తారు.

నా గదిలో ఉండే జగిత్యాల తమ్ముడు పాత అట్టపెట్టె చింపి, వడ్రంగి పెన్సిలుతో వాళ్లమ్మ వేసే మెలికల ముగ్గు గీస్తాడు. చుక్క తప్పితే మళ్లీ మొదటినుంచీ. ఆ ముగ్గూ, కల్బా జాలరుల వల ముడులూ ఒకే నేలమీద కలవాలని నా కోరిక.

నెలకో ఆదివారం ఒక గది అందరికీ తెరవండి. కూలీల క్యాంపుల నుంచి బస్సు వెయ్యండి. నోటీసు తెలుగులోనూ అంటించండి. ముగ్గుపిండి మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
కల్బాలో ఉంటున్న ఒక తెలుగువాడు