ఏ ఖాతాల రాయాలె?

పట్నంల చదువుకునే పిల్లలు నెల మొదట్లనే బడ్జెట్ వేసుకోవాలె, దుబారా తగ్గించుకోవాలె అని ఇప్పటికీ మీటింగుల్ల చెప్పేటోళ్లున్నరు. నా చదువప్పుడు ఒక సారు గూడ గిదే చెప్పిండు. అయ్యా, నేను దుబారా చేసింది ఒక్కటి చూపియ్యి!

మాది మల్లాపూర్, మాదిగవాడ. బాపు ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు కొట్టేటోడు. 2015ల ఆ ఫ్యాక్టరీ మూతబడ్డది, అది వేరే ఏడుపు. అమ్మ బీడీలు చేసేది. తునికాకు కత్తిరించుడు, తంబాకు నింపుడు, దారం కట్టుడు. దీపం పెట్టినంక గూడ చేట ఒళ్లెనే ఉండేది. కార్ఖానల బాగలేవని పక్కకు తీసిన కట్టలకు పైసల్లేవు. హైదరాబాద్‌ల నేను రూపాయలల్ల లెక్కపెట్టలేదు, బీడీలల్ల లెక్కపెట్టిన. ఒక చాయ ఎన్ని బీడీలు? సిటీబస్సుల రెండు స్టాపులు ఎన్ని బీడీలు? అందుకే నడిచిన. ఈ లెక్క నేర్చినోనికి పొదుపు పాఠం చెప్తరా?

బడ్జెట్ వెయ్యాలంటే ముందు రాబడి తెలియాలి. మా రాబడి స్కాలర్‌షిప్పు. అది పరీక్షలైనంక వచ్చేది. అప్పటిదాక మెస్సు బాకీదారుల పేర్లు నోటీసుబోర్డు మీద. ఆ పేర్లు చదివితే చాలు, ఎవలు ఏ వాడ నుంచి వచ్చిండ్రో తెలిసేది. నాకు మెస్సు బందైతే దోస్తు ప్లేటుల ఇద్దరం తిన్నం. వాని పేరు గూడ ఆ బోర్డు మీదనే ఉండె.

బయట రూం అడిగితే ఇంటామె కిరాయి కంటే ముందు "మీరేమోళ్లు?" అన్నది. చెప్పిన. "మా సుట్టాలొస్తున్నరు" అన్నది. మూడిండ్లల్ల గట్లనే. దొరికిన నాలుగోది దూరం, కిరాయి ఎక్కువ, పైంగ బస్‌పాస్. ఆ అదనం ఏ ఖాతాల రాయాలె? కులం ఖర్చు ఏ సారు బడ్జెట్ల ఉన్నది?

బాబాసాహెబ్ 1913ల కొలంబియాకు పోయింది బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనంతోని. దాని గడువు తీరంగనే 1917ల లండన్ చదువు నడుమ ఇడిసి రావల్సొచ్చింది. ఆయనకు పొదుపు రాకనా? 2016 జనవరి 17న మనల ఇడిసిపోయిన రోహిత్ వేముల, తనకు రావల్సిన ఏడు నెలల ఫెలోషిప్ లక్షా డెబ్బై ఐదు వేలని ఆఖరి ఉత్తరంల రాసిండు. దోస్తుకు తిరిగియ్యాల్సింది గూడ రాసిండు. లెక్క రానిది ఆ పిల్లగానికా, ఇయ్యాల్సినోళ్లకా?

మొన్న మా వాడ పిల్ల ఫోన్ చేసింది. "కాకా, ఫీజు పైసలు గవర్నమెంటు ఇయ్యలేదని కాలేజోళ్లు సర్టిఫికెట్లు ఇస్తలేరు." నేను బడ్జెట్ చెప్పలేదు. బాకీదారుల పేర్లు బోర్డు మీద పెట్టుడు వాళ్లకేనా వచ్చేది, ఏ ఏడుది ఎంత మనకు బాకీ ఉన్నరో మీరే రాసి ఆఫీసు ముందట పెట్టుండ్రి అన్న. రెండు దినాలకు మళ్ల ఫోన్ చేసింది. ఒక్క వాళ్ల క్లాసులనే పదకొండు మంది లెక్క తేలిందట. పక్క క్లాసోళ్లు కాయితం అడుగుతున్నరట.