దుప్పటి కాదు, బొంత ఇవ్వండి

చలి ముదిరితే సాలూరు నుంచి పాచిపెంట కొండల మీదికి పంచడానికి వెళ్లే దుప్పట్లలో చవకగా దొరికే పాలిస్టర్‌వే ఎక్కువ. అక్కడ చలిరాత్రుల్లో పొయ్యి పక్కన, నెగడు చుట్టూ పడుకుంటారు. రవ్వ పడితే పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలూ కాలుతుంది, కానీ అలా కరిగి చర్మాన్ని పట్టుకోదు. అందుకే నేను బొంత వైపు. పాత నేతచీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు మడిచి దగ్గరదగ్గరగా కుడితే, పొరల మధ్య నిలిచే గాలే వెచ్చదనం. 2015లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్న అంశు గుప్తా సంస్థ ‘గూంజ్’ పాతబట్టలతో ఇలాంటి బొంతలే కుట్టిస్తోంది. మన చిక్కల్లా, బీరువాల్లో నూలు తగ్గి సింథటిక్ నిండడం. వాటితో కుట్టబోతే పొరలు జారిపోతాయి, చెమటా పీల్చవు. మనం ఏం కడుతున్నామో దాన్నిబట్టే రేపు ఏం ఇవ్వగలమో తేలుతుంది. స్వెట్టర్లు అల్లే అక్కచెల్లెళ్లకూ ఒక మాట: ఊలు పేరుతో అమ్మే అక్రిలిక్ దారమూ నిప్పుకి కరిగేదే, కొనేముందు అడగండి. భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు నూలుచీరల్ని స్టీలు గిన్నెలకి మార్చేయకండి. బొంతలు కుట్టడం వచ్చిన చేతులు మీ వీధిలోనే ఉంటాయి, వాళ్లకివ్వండి.