క్రియ ఉంది, కర్త ఏడీ?

స్పానిష్‌లో పుట్టిన ఒక మాటను ఎవరు ఎలా అనువదించుకున్నారన్న దాని మీదే ఎన్నో కుటుంబాల హక్కులు ఆధారపడ్డాయి

1979 డిసెంబర్‌. బ్యూనస్‌ ఏర్స్‌లో విలేఖరుల సమావేశం. ఆచూకీ లేకుండా పోయిన వేలాది మంది సంగతేమిటని అర్జెంటీనా సైనిక పాలకుడు జనరల్‌ హోర్హె రఫాయెల్‌ విదేలాను ఒక పాత్రికేయుడు అడిగాడు. విదేలా తడుముకోలేదు. అలాంటి మనిషికి అస్తిత్వమే లేదని, అతను చచ్చిన వాడూ కాదు, బతికిన వాడూ కాదని, ఉత్త ‘దెసాపారెసిదో’ అని చేతులు గాల్లో తిప్పుతూ తేల్చేశాడు. ఒక ప్రభుత్వాధినేత వ్యాకరణాన్ని అడ్డుపెట్టుకుని హత్యానేరం నుంచి తప్పించుకోజూసిన సందర్భం అది.

ఆ మాటకు మూలం ‘దెసాపారెసేర్‌’ అనే క్రియ. కనిపించకుండా పోవడం అని అర్థం. మబ్బుల చాటున చంద్రుడు కనిపించకుండా పోవచ్చు, బల్ల మీది తాళంచెవి పోవచ్చు. ఇది అకర్మక క్రియ. పోయేది ఏదో పోతుంది తప్ప పోగొట్టిన వాడు ఉండనక్కర్లేదు. 1976 మార్చి 24న అధికారం చేజిక్కించుకున్న సైనిక ముఠాకు ఇంతకంటే అనువైన మాట ఏముంటుంది? అర్ధరాత్రి ఇంట్లోంచి మనిషిని లాక్కుపోవడం, రహస్య శిబిరంలో చిత్రహింసలు పెట్టడం, చంపడం, శవం కూడా దొరకకుండా చేయడం. ఇంత పనినీ ‘కనిపించడం లేదు’ అన్న ఒక్క మాట కప్పేసింది.

జనం మాత్రం ఆ క్రియను ఉన్నదున్నట్టుగా ఉంచలేదు. దాన్ని సకర్మకంగా మార్చేశారు. ‘లో దెసాపారెసియెరోన్‌’ అనడం మొదలుపెట్టారు. అంటే ‘అతణ్ని మాయం చేశారు’ అని. వ్యాకరణ పండితులు చూస్తే తప్పు దిద్దాల్సిన ప్రయోగమే. ఆ తప్పులోనే నిజం ఉంది. 1977 ఏప్రిల్‌ 30న ప్లాజా దె మాయోలో, అధ్యక్ష భవనం ఎదుట మొదటిసారి గుమికూడిన తల్లులు ఆ తర్వాత వారం వారం తెల్ల రుమాలు తలకు కట్టుకుని వచ్చి అడిగింది ఈ ప్రశ్నే: పోయారంటే సరిపోదు, చేసిందెవరు? లాటిన్‌ అమెరికా స్పానిష్‌లో ఆ సకర్మక ప్రయోగం స్థిరపడిపోయింది.

మాటను వేరే భాషలోకి తీసుకెళ్లేవాడికి అసలు పరీక్ష ఇక్కడే. ఆ కాలపు అర్జెంటీనా సైనికుల పదజాలమంతా ఉచ్చుల మయం. ‘త్రస్లాదో’ అంటే నిఘంటువులో తరలింపు, బదిలీ. ఎస్మాగా పేరుపడ్డ నౌకాదళ మెకానిక్‌ శిక్షణశాలలో ఖైదీని ‘త్రస్లాదో’కు పిలిచారంటే మత్తుసూది పొడిచి, విమానం ఎక్కించి, సముద్రంలోకో ప్లాతా నదిలోకో విసిరేయడం. మాజీ నౌకాదళ అధికారి అదోల్ఫో సిలింగో 1995లో ఈ సంగతి బయటపెట్టాడు. 2005లో స్పెయిన్‌ కోర్టు అతణ్ని దోషిగా తేల్చింది. అప్పటి సాక్ష్యాల్లో కనిపించే ‘త్రస్లాదో’ను ‘తరలించారు’ అని అనువదిస్తే పదం సరిపోతుంది, హంతకుడు తప్పించుకుంటాడు. ఖైదులోనే ప్రసవించిన తల్లుల నుంచి లాక్కుని ఇతరులకు పంచిన పిల్లల విషయమూ అంతే. దొంగ కాగితాలతో దాన్ని దత్తతలా చూపించారు. ప్లాజా దె మాయో అమ్మమ్మలు, నానమ్మలు మాత్రం ‘దత్తత’ మాటను దగ్గరకు రానివ్వలేదు. ‘అప్రోపియాసియోన్‌’ అన్నారు, అంటే సొంతం చేసేసుకోవడం. అలా పంచిన పిల్లలు 500 మంది దాకా ఉంటారని వారి అంచనా. 2025 జూలై నాటికి 140 మంది అసలు పుట్టుక తేలింది.

ఇంగ్లీషుకు ఈ మాట మింగుడుపడటానికి కొంత సమయం పట్టింది. 1978లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ చేసిన తీర్మానంలో వీరు ఉత్త ‘డిజప్పియర్డ్‌ పర్సన్స్‌’. తర్వాత ‘ఎన్‌ఫోర్స్‌డ్‌’ అన్న విశేషణం తగిలించారు. 2006 డిసెంబర్‌ 20న సమితి ఆమోదించిన అంతర్జాతీయ ఒడంబడిక పేరులో అదే ఉంది. స్పానిష్‌ ‘దెసాపారిసియోన్‌ ఫోర్సాదా’కు అది జంట పదం. ఆ ఒడంబడిక నిర్వచనం మాట లోపాన్ని సరిదిద్దింది. ప్రభుత్వ మనుషులో, ప్రభుత్వ అండ ఉన్నవారో ఒకరి స్వేచ్ఛను హరించడం, ఆపైన ఆ సంగతిని ఒప్పుకోకపోవడం లేదా అతని గతిని దాచిపెట్టడం, ఫలితంగా అతను చట్ట రక్షణకు దూరమవడం. ఈ మూడూ కలిస్తేనే నేరం. పట్టుకుపోవడం ఒక్కటే కాదు, ‘మాకు తెలియదు’ అనడమూ అందులో భాగమే.

మాటతో ఇంత పనేముందని అనిపించవచ్చు. పని ఉంది. 1979లోనే సైనిక ప్రభుత్వం ఆచూకీ లేనివారిని చనిపోయినట్టు ప్రకటించే చట్టం తెచ్చింది. ‘మృతులు’ అంటే వ్యవహారం ముగిసిపోతుంది, వెతికే బాధ్యత తీరిపోతుంది. తల్లులు ససేమిరా అన్నారు. ప్రాణాలతో అప్పగించాలన్నదే వారి నినాదమైంది. ప్రజాస్వామ్యం వచ్చాక 1994లో చేసిన 24,321వ నంబరు చట్టం మధ్యేమార్గం కనిపెట్టింది. ‘బలవంతపు అదృశ్యం వల్ల గైర్హాజరు’ అనే కొత్త హోదా సృష్టించింది. ఆస్తి పంపకాలు, ఇతర కుటుంబ వ్యవహారాలు నడుస్తాయి, కొడుకు చనిపోయాడని తల్లి సంతకం పెట్టనక్కర్లేదు. విదేలా లేదన్న అస్తిత్వాన్ని చట్టం తిరిగి ఇచ్చింది.

ఇదే మాట దక్షిణాసియాకు వచ్చేసరికి ఒక్కో భాష ఒక్కో దారి పట్టింది. శ్రీలంక తమిళుల ఉదాహరణ తెలుగువారికి ఇట్టే అర్థమవుతుంది. 2016 చట్టంతో ఏర్పడిన కార్యాలయానికి తమిళంలో పెట్టిన పేరు ‘కాణామల్‌ పోన’ వారి కార్యాలయం. అంటే కనబడకుండా పోయినవారిది. 2017 ఫిబ్రవరిలో కిలినొచ్చిలో రోడ్డు పక్కన నిరసనకు కూర్చున్న తల్లులు ఆ మాట వాడరు. తమ వాళ్లు ‘కాణామల్‌ ఆక్కప్పట్టోర్‌’ అంటారు, కనబడకుండా చేయబడినవారు. పోవడానికీ చేయబడటానికీ మధ్య ఉన్నది వ్యాకరణం మాత్రమే కాదు. సైన్యానికి లొంగిపోయిన కొడుకును చివరిసారి కళ్లారా చూసిన తల్లి సాక్ష్యం కూడా అక్కడే ఉంది.

నేపాల్‌ ఈ విషయంలో మెరుగు. పదేళ్ల అంతర్యుద్ధంలో అటు ప్రభుత్వ బలగాలు, ఇటు మావోయిస్టులు మాయం చేసినవారి కోసం 2015లో వేసిన కమిషన్‌ పేరులోనే ‘బేపత్తా పారియేకా’ అని ఉంది, పత్తా లేకుండా చేయబడినవారని. అయితే పేరు సరిగ్గా పెట్టినంత మాత్రాన పని సరిగ్గా జరగదనడానికీ ఆ కమిషనే ఉదాహరణ. ఏళ్లు గడిచినా కుటుంబాలకు జవాబు దొరకలేదు. బెంగాలీకి ముందే ‘గుమ్‌’ ఉంది. మూలంలో పోవడమే అయినా, బెంగాలీలో ‘గుమ్‌ కరా’ అంటే దాచేయడం, మాయం చేయడం. 2024 ఆగస్టులో షేక్‌ హసీనా ప్రభుత్వం కూలాక బంగ్లాదేశ్‌ వేసిన విచారణ కమిషన్‌ ఆ మాటనే తన పేరులో పెట్టుకుంది. అదే నెలలో ఆ దేశం ఒడంబడికలో చేరింది. పాకిస్థాన్‌లో ఉర్దూ పత్రికల మాట ‘లాపతా అఫ్రాద్‌’. 2024లో విడుదలైన హిందీ సినిమా ‘లాపతా లేడీస్‌’లో రైల్లో తారుమారైన కొత్త పెళ్లికూతుళ్లకూ అదే మాట. అందుకే బలోచ్‌ కుటుంబాల తరఫున మాట్లాడేవారు ‘జబ్రీ గుంషుద్‌గీ’ అని నొక్కి చెబుతారు.

మరి భారతదేశం? విదేలా ముఠా గద్దెనెక్కిన నెలలోనే, 1976 మార్చి 1న, కేరళలో కాలికట్‌ ప్రాంతీయ ఇంజనీరింగ్‌ కాలేజీ విద్యార్థి పి.రాజన్‌ను పోలీసులు పట్టుకుపోయారు. ఎమర్జెన్సీ ముగిశాక తండ్రి టి.వి.ఈచర వారియర్‌ హైకోర్టులో హెబియస్‌ కార్పస్‌ వేశారు. అసలు అరెస్టే చేయలేదని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట నిలవలేదు. ముఖ్యమంత్రి కె.కరుణాకరన్‌ 1977 ఏప్రిల్‌లో రాజీనామా చేయాల్సి వచ్చింది. రాజన్‌ శవం మాత్రం ఏనాటికీ దొరకలేదు. జరిగినదానికి పేరు లేక అది ‘రాజన్‌ కేసు’గానే మిగిలింది.

పంజాబ్‌లో పేరు దొరికింది కానీ అది శ్మశానాల రిజిస్టర్లలో దొరికింది: ‘లావారిస్‌’, దిక్కులేని శవం. ఆ లెక్కలు బయటపెట్టిన జస్వంత్‌ సింగ్‌ ఖాల్రా 1995లో తానే అపహరణకు గురై హతమయ్యారు. ఒక్క అమృత్‌సర్‌ జిల్లాలోని మూడు శ్మశానాల్లోనే 2,097 అక్రమ దహనాలు జరిగాయని సీబీఐ తేల్చింది. వారసులు గుమ్మంలో ఎదురుచూస్తుండగా వారసులు లేరని రాసుకున్న చరిత్ర అది. కాశ్మీర్‌లో పుట్టిన మాట ‘హాఫ్‌ విడో’, సగం వితంతువు. మాయమైనవారు 8,000కు పైగా ఉంటారని 1994లో పర్వీనా అహంగర్‌ నెలకొల్పిన తల్లిదండ్రుల సంఘం చెబుతుంది. ప్రభుత్వం ఆ లెక్కను ఒప్పుకోలేదు, చాలామంది సరిహద్దు దాటారంది. సంఖ్య ఎంతైనా ఆ ‘సగం’ మాత్రం చట్టం మిగిల్చినదే. ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించడమే మన సాక్ష్య చట్టానికి తెలిసిన దారి. 2007 ఫిబ్రవరి 6న ఒడంబడికపై సంతకం చేసిన భారత్‌ దాన్ని ధ్రువీకరించలేదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ ఇది ప్రత్యేక నేరంగా లేదు. పోలీస్‌ స్టేషన్‌లో అది అపహరణ కేసు కావాలి, లేదంటే ‘మిస్సింగ్‌’ కేసు కావాలి.

తెలుగు పత్రికలకు చేతికందిన మాట ‘అదృశ్యం’. ‘వివాహిత అదృశ్యం’ అన్న వార్తలోనూ అదే. పడవ మునిగితే ‘గల్లంతు’, తిరునాళ్లలో పిల్లాడైతే ‘తప్పిపోయాడు’. పోలీసులో సైనికులో పట్టుకుపోయిన మనిషికి ఇవేవీ అతకవు. ‘బలవంతపు అదృశ్యాలు’ అన్నది ఇంగ్లీషు అనువాదానికి మళ్లీ అనువాదం. బలవంతం ఎవరిదో అందులోనూ లేదు.

నిజానికి తెలుగు ఈ పరీక్ష ఎప్పుడో నెగ్గింది. ‘ఎన్‌కౌంటర్‌’ అంటే ఇంగ్లీషులో ఎదురుపడటం, ఇరుపక్షాల వ్యవహారం. అధికారిక ప్రకటనలు దాన్ని ‘ఎదురుకాల్పులు’ అన్నాయి. ఊళ్లలో జనం మాత్రం ‘వాణ్ని ఎన్‌కౌంటర్‌ చేశారు’ అన్నారు. స్పానిష్‌ నేర్వకుండానే అర్జెంటీనా తల్లులు చేసిన పనే చేశారు. నామవాచకానికి ‘చేయు’ తగిలించి చంపిన వాణ్ని వాక్యంలోకి ఈడ్చుకొచ్చారు.

స్పానిష్‌కూ తెలుగుకూ ఇక్కడ ఇంకో పోలిక ఉంది. రెండింటిలోనూ కర్తను విడిగా చెప్పనక్కర్లేదు, క్రియ చివర్లోనే ఉంటాడు. మెక్సికోలో మాయమైనవారి సంఖ్య ప్రభుత్వ రిజిస్టర్‌ ప్రకారమే 2022లో లక్ష దాటింది. అక్కడి తల్లుల నినాదం ‘ప్రాణాలతో పట్టుకుపోయారు, ప్రాణాలతోనే కావాలి’ అని తెలుగులోకి సునాయాసంగా దిగుతుంది. ‘దెసాపారెసియెరోన్‌’ను ‘మాయం చేశారు’ అంటే అర్థం పొల్లుపోదు. ఈ అనువాదానికి పండితులు అక్కర్లేదు. వార్త రాసేవారు ‘అదృశ్యం’ దగ్గర ఒక్క క్షణం ఆగితే చాలు. ‘చేశారు’లో ఆ చివరి ‘రు’ ఎవరన్నదే చట్టం చెప్పాల్సిన జవాబు.