పెగ్గు కొలత ఎవరు చూడాలి?

తెలంగాణ ఆబ్కారీ శాఖ మంత్రిగారికి, కమిషనర్‌గారికి, తూనికలు కొలతల శాఖ పెద్దలకు:

బార్‌లో పెగ్గు తక్కువ పోశారని ఫిర్యాదు పట్టుకుని మీ ఆఫీసుకు వచ్చేవాళ్లు ఎందరుంటారు? పట్టుమని పదిమంది కూడా ఉండరని నా అనుమానం. కూరగాయల బండి దగ్గర రెండు రూపాయల కోసం పావుగంట బేరమాడే మనిషే, బార్‌లో బిల్లు ఎంతొచ్చినా కిక్కురుమనకుండా కట్టి మెట్లు దిగుతాడు. ఫిర్యాదు చేస్తే పేరు రాయాలి, అడ్రసు రాయాలి. ఆ రోజు ఏం తాగావు, ఎంత తాగావు అని అడుగుతారు. ఆ కాగితం ఇంట్లోవాళ్ల కంటబడితే? హైదరాబాద్ నగరంలో బార్ ఓనర్లకు ఈ సిగ్గును మించిన లైసెన్సు లేదు.

నేను చెప్పేది జూబ్లీహిల్స్ పబ్బుల గురించి కాదు. చిక్కడపల్లి, మూసాపేట, మలక్‌పేట, యూసఫ్‌గూడ లాంటి చోట్ల, కింద మెడికల్ షాపు, పైన నల్లద్దాల తలుపు వెనక ఉండే మామూలు బార్ అండ్ రెస్టారెంట్ల గురించి. సాయంత్రం ఏడు దాటాక అక్కడికి మందుల కంపెనీ రెప్రజెంటేటివ్ వస్తాడు, ఆటో పక్కకు పెట్టి డ్రైవర్ వస్తాడు, రిటైరైన గుమాస్తా వస్తాడు, సినిమా అవకాశం కోసం కృష్ణానగర్‌లో ఏళ్లుగా గది అద్దె కడుతున్న కుర్రాడు వస్తాడు. బ్యాచిలర్లకు ఇల్లు ఇవ్వబోమని బోర్డులు పెట్టే ఊరు ఇది. ఇచ్చినా, గదిలో సీసా కనబడితే ఖాళీ చేయాలంటారు. పిల్లల ముందు మూత తీయడానికి మనసొప్పని తండ్రులూ ఉంటారు. వీళ్లకు కాసేపు కూర్చుని మాట్లాడుకునే చోటు ఆ టేబులే. ఎవరికి సోడా కావాలో, ఎవరికి మామూలు నీళ్లు చాలో వెయిటర్‌కి తెలుసు. నెల రోజులు పోకపోతే "ఏమన్నా, ఈమధ్య కనబడ్తలేవు" అంటాడు. ఇంత పెద్ద నగరంలో మనం రాలేదని గమనించేవాళ్లు ఎంతమంది గనక! ఆ ఆదరణ నిజమైనదే. మోసం జరుగుతోందని అనుమానం ఉన్నా జనం మళ్లీ అదే బార్‌కు రావడానికి సగం కారణం అది. (ఆడవాళ్లకు మాత్రం ఈ ఆదరణ లేదు. 'ఫ్యామిలీ సెక్షన్' అని రాసిన మూల గదిలో తప్ప వాళ్లు ఎక్కడ కూర్చున్నా హాలంతా తలతిప్పి చూస్తుంది.)

అసలు సంగతికొస్తాను. మెనూ కార్డులో విస్కీ పేరుకు ఎదురుగా 30 ఎం.ఎల్. ధర ఉంటుంది. దానిమీద ఒక స్టిక్కరు, స్టిక్కరు మీద పెన్నుతో కొట్టివేత. ఏసీ హాల్లో ఒక రేటు, నాన్ ఏసీలో ఇంకో రేటు. మనం 'సిక్స్‌టీ' అంటాం. వెయిటర్ కౌంటర్ దాకా వెళ్లి గ్లాసుతో తిరిగొస్తాడు. అందులో అప్పటికే ఐసు ఉంటుంది. ఆ ఐసు మధ్య ఉన్నది అరవయ్యా, యాభయ్యా? ఏ సీసాలోంచి పోశారు? ఆ సీసా సీలు ఎప్పుడు తీశారు? చూసినవాడు లేడు.

పాత కస్టమర్లు దీనికి విరుగుడు కనిపెట్టుకున్నారు. లూజు అడగరు. సీలున్న క్వార్టర్ తెప్పించుకుని మూత తమ ముందే తిప్పిస్తారు. 180 ఎం.ఎల్. అంటే 180, పేచీ లేదు. కానీ ఈ విరుగుడు ఏం చేస్తోందో చూడండి. ఒక్క నైంటీ వేసుకుని తొందరగా ఇంటికి పోదామని వచ్చినవాడు కూడా కొలత మీద నమ్మకం లేక క్వార్టర్ కొంటున్నాడు. కొన్నాక సగం వదిలేసి లేచిపోతాడా? తక్కువ తాగుదామనుకున్నవాడికి నమ్మదగిన చిన్న కొలత దొరక్కుండా చేసి, సీసా మీద మాత్రం మద్యం ఆరోగ్యానికి హానికరమని ముద్రిస్తే ఎవరికి ఉపయోగం?

పెట్రోల్ బంకులో అయిదు లీటర్ల కొలపాత్ర ఉంచాలి, వినియోగదారుడు అడిగితే పోసి చూపించాలి. ఆ హక్కు వాడుకునేవాళ్లు తక్కువే కావచ్చు గానీ, పాత్ర ఎదురుగా ఉండటం వల్లనే బంకువాడు కొంత జాగ్రత్తగా ఉంటాడు. పెగ్ మెజర్ కూడా కొలతే. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం వ్యాపారంలో వాడే కొలతను సరిచూయించి ముద్ర వేయించాలి. ఆ ముద్ర ఉన్న మెజర్‌నూ, సీసానూ టేబుల్ దగ్గరికి తెచ్చి కస్టమర్ కళ్లముందు పోయాలని మీరు ఒక్క ఉత్తర్వు ఇస్తే ఖజానాకు పైసా ఖర్చు లేదు. బార్ ఓనర్‌కూ లేదు, నిజాయితీగా పోస్తున్నట్టయితే.

బిల్లు ఇంకో కథ. మామూలు నీళ్లడిగితే వెయిటర్ నీళ్ల బాటిల్ మూత తీసే తెస్తాడు, ఇక వద్దనడానికి వీల్లేకుండా. హోటళ్లు, రెస్టారెంట్లు నీళ్ల బాటిల్‌ను ఎం.ఆర్.పి. కన్నా ఎక్కువకు అమ్ముకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, దానితో నాకు తగాదా లేదు. ధర ముందే చెప్పండి, మామూలు నీళ్లు కావాలంటే అవి పెట్టండి, అంతే. అడక్కుండా వచ్చిన పల్లీల ప్లేటు కొన్ని బార్లలో ఉచితం, కొన్నింటిలో బిల్లులో చేరుతుంది. ఏది ఎక్కడో తినేదాకా తెలియదు. తిండి మీద జీఎస్టీ 5 శాతం. మద్యం అసలు జీఎస్టీ పరిధిలోనే లేదు. అలాంటప్పుడు రెండూ కలిపి కింద 'ట్యాక్స్' అని ఒకే గీత గీసిన చీటీ బిల్లెలా అవుతుంది? సర్వీస్ చార్జీ తప్పనిసరి చేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఈ కబురు మా బస్తీ మెట్లెక్కలేదు.

మీకు బార్ల మీద, షాపుల మీద శ్రద్ధ లేదని అనను. 2023లో 2,620 వైన్ షాపులకు దాదాపు 1,32,000 దరఖాస్తులొచ్చాయి. తిరిగివ్వని రెండు లక్షల ఫీజు లెక్కన లాటరీ తీయకముందే ఖజానాకు 2,600 కోట్ల పైచిలుకు చేరింది. 2025లో ఆ ఫీజును మూడు లక్షలు చేశారు. 2025 జనవరిలో బకాయిలు తీర్చలేదని, ధర పెంచలేదని యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేస్తానంటే చర్చలు జరిగాయి, ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. కంపెనీ మాట వినడానికి మీకు కొన్ని వారాలు చాలాయి. కస్టమర్ మాట వినే కిటికీ ఎక్కడుందో నాకింకా కనబడలేదు. పక్క రాష్ట్రంలో తెలియని బ్రాండ్లే తాగాల్సి వచ్చిందన్న కోపం 2024 ఎన్నికల్లో నాణ్యమైన మద్యం అనే హామీగా మారింది. ఆ మాట ఎన్నికలదాకా పోవాల్సిన పనిలేదు, ఇన్‌స్పెక్టర్ చూసుకుంటే సరిపోయేది.

తాగడం మానమని చెప్పాల్సిందిపోయి ఈ గోలేమిటని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లను తేలిగ్గా తీసిపారేయను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన చరిత్ర మనది. 1995లో ఉమ్మడి రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. నిషేధం మళ్లీ తెస్తారా, అది వేరే చర్చ, చేయండి. తేనంతకాలం, లైసెన్సు ఇచ్చి అమ్మిస్తున్నంతకాలం, గ్లాసులో ఏముందో, ఎంత ఉందో చూడటం మీ పని. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. వాళ్లు తాగింది కొండల్లో దొంగసారా కాదు, నగరం నడిబొడ్డున అమ్మిన కల్లు.

ఇంటికి పోయే దారి గురించి కూడా రెండు మాటలు. 100 ఎం.ఎల్. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికి పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఉండాల్సిందే. కానీ నగరంలో బార్లు మూసే వేళకు మెట్రో ఉండదు, ఆటోవాడు మీటరు వేయడు. చివరి మెట్రోనూ బార్ మూసే సమయాన్నీ దగ్గరికి చేర్చే ఆలోచన ఎక్కడైనా జరుగుతోందా? మా వెయిటర్లలో చాలామంది ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లు. నేను అడిగినవాళ్లలో కొందరు జీతం నామమాత్రమని, టిప్పే ఆధారమని చెప్పారు. కొలత తగ్గితే తిట్లు తినేది వాళ్లే, లాభం మాత్రం కౌంటర్‌ది. కార్మిక శాఖవారు కూడా ఓసారి ఆ మెట్లెక్కితే బాగుంటుంది.

ఫలానా బార్‌కే వెళ్లండని నేను చెప్పను. మీకు నచ్చిన బస్తీలో, జీపు దూరంగా ఆపి, యూనిఫాం లేకుండా వెళ్లండి. ఒక సిక్స్‌టీ చెప్పండి, ఐసు వేరుగా తెమ్మనండి. వెంట తెచ్చుకున్న గీతల గ్లాసులో దాన్ని పోసి చూడండి. ఎంత వచ్చిందో ఆ రాత్రే పేపర్లకు చెప్పండి.

ఇట్లు,
హైదరాబాద్‌లో బార్ బిల్లులు కట్టే ఒక పౌరుడు