దారిప్రక్కని బొమ్మలగుట్ట

చైత్రపూర్ణిమకు కరీంనగరమునుండి భక్తులనేకులు కొండగట్టు అంజన్న సన్నిధికి కాలినడకన పోవుచుందురు. ఆ త్రోవకు సమీపమున, గంగాధర మండలమందలి కురిక్యాలలో బొమ్మలగుట్ట యున్నది. నేనును పలుమారు ఆ దారిని నడచితిని గాని, గుట్టవంకకు తలయెత్తి చూచినవాడను కాను. తెలుగు చెప్పి జీవించినవాడనగు నాకిది సిగ్గుచేటు.

ఆ గుట్టరాతియందు చక్రేశ్వరీదేవియు, జైన తీర్థంకరులును చెక్కబడి యున్నారు. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపని సోదరుడు. క్రీ.శ. 945 ప్రాంతమున ఆతడచట సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనము వ్రాయించెను. అందు 3 తెలుగు కందపద్యములు గలవు. నన్నయకు సుమారు నూరేండ్లు ముందే మన పద్యము ఆ రాతిపై నిలిచినది!

ఈ జిల్లాలో గ్రానైటు రాతికై గుట్టలు పలుచోట్ల తరిగిపోవుచున్నవి. రాతివలన ధనము వచ్చును. కూలివానికి పనియు దొరకును. కాదనను. అయినను పగిలిన పద్యమును ఏ ధనమును అతుకజాలదు. కావున బొమ్మలున్న గుట్ట జోలికి పోకుండుటయే న్యాయము.

బాలలారా! మీరా దారిని పోవునపుడు ఒక గడియ ఆగి ఆ బొమ్మలను చూడుడు. వానిపై పేరులు గీయకుడు, రంగులు పూయకుడు. తన యింటి సొత్తెదియో యెరుగనివాడు దాని నెట్లు కాపాడుకొనగలడు?