కొసరు

ఇంటిపనులు ముగిసిన పిదప నలుగురు చెలులు చేరి చెప్పుకొను మాటలకు వెల లేదని లోకమున నొక యభిప్రాయము కలదు. మా పంతులుగారు సయితము "నేటి మీ సభలో తీర్మానము లేమైన జరిగినవా?" యని నన్ను పరిహసించుచుందురు. ఈ మాసమున మా సభలో నిజముగనే యొక వివాదము పుట్టి తీర్మానము దాక వచ్చినది. సభ జరిగిన చోటు సికిందరాబాదు మోండా మార్కెట్టు, వివాదాంశము కొసరు.

శనివారము ప్రొద్దుట మేము మువ్వురము మోండాకు పోవుట వాడుక. పెద్దవారు మా యెదురింటి పిన్నిగారు, చిన్నది మా వీథి చివరనుండు చెల్లెలు, కళాశాలలో చదువు చెప్పుచున్నది, నడుమ నేను. నిజాము సికందర్ జా పేర 1806లో వెలసిన యీ దండు పట్టణమున, రైలుస్టేషనుకు చేరువగా, ఇరుకు సందులలో నున్నది మా మోండా. కూరల టోకు వర్తకము బోయినపల్లికి తరలిపోయినను చిల్లర బేరము దీనిని విడువలేదు. కూరలు, పూలు, పూజాద్రవ్యములు, ఇత్తడి పాత్రలు - ఒక్క ప్రదక్షిణమున నన్నియు దొరకును.

పిన్నిగారికి రెండు వింత యలవాట్లు కలవు. ఒకటి పాత తూనికరాళ్లను కూడబెట్టుట. 1958వ సంవత్సరమున మెట్రిక్ తూనికలు ప్రవేశింపగా మన వీశెలును సేర్లును క్రమముగా మూలబడినవి గదా! బెజవాడ పుట్టింటినుండి తెచ్చుకొన్న వీశె, అర్ధవీశె, పదలము, ఏబలము. ఇచ్చట పాతసామానుల వారియొద్ద కొన్న సేరు, ఛటాకు - అన్నియు వారి మంచము క్రింది పెట్టెలో నున్నవి. నూటయిరువది తులముల వీశె నేటి లెక్కకు 1,400 గ్రాములనియు, ఎనుబది తులముల సేరు 933 గ్రాములనియు వారిని నిద్రలేపి యడిగినను చెప్పగలరు.

రెండవ యలవాటు, కొసరు లేనిదే సంచి మూయకుండుట. తూకమైన పిమ్మట రెండు పచ్చిమిరపకాయలో, ఒక కరివేపాకు రెబ్బయో పైని పడవలసినదే.

ఒకనాడు చెల్లెలు దీనిని సహింపలేక, "పిన్నిగారూ, పాట్ మార్కెట్టులో నగ కొనునపుడు తరుగని యొకసారి, మజూరీ యని యొకసారి వేలకు వేలు మారుమాటాడక చెల్లింతుము. ఎండలో గూర్చున్న యీ పేదరాలిని మాత్రము నాలుగు మిరపకాయలకై పీడింతుము. ఇది న్యాయమా?" యని యడిగినది.

పిన్నిగారు సంచి సవరించుకొనుచు, "నగలవానితో నాకు చుట్టరికము లేదమ్మా. ఈమెతో నున్నది" అనిరి.

మేము నవ్వితిమి గాని, నా కామాట మనసున నాటినది. కొసరునకు వ్యవహారమున నొక కారణము కూడ లేకపోలేదు. బేడలు, అణాలు పోయి 1957లో నయాపైసలు వచ్చినవి. 2011 జూను 30తో పావలాయును చెల్లని కాసైనది. చిల్లర కరువైన చోట, రావలసిన రూపాయికి బదులు కొత్తిమీర చేతికి వచ్చెడిది. 2016లో మొదలైన యూపీఐ పద్ధతిచే నేడు గంప ముందరనే ఫోను చూపి సరిగా లెక్క చెల్లించుచున్నాము. లెక్క సరిపోయినది గనుక కొసరు పోవలెను, పోలేదు. కాబట్టి దాని మూలము చిల్లరలో లేదని నాకు దోచినది.

అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరమున దుకాణదారు లిచ్చు కొసరును "లాన్యాప్" అందురనియు, మార్క్ ట్వేను 1883లో వెలువడిన తన మిసిసిపీ గ్రంథమున దానిని ముచ్చటగా వర్ణించెననియు చెల్లెలే చెప్పినది. అది విని పిన్నిగారు, "చూచితివా, దొరలును కొసరుదురు!" అని మిక్కిలి సంతోషించిరి.

ఇంతలో పిన్నిగారికి మోకాలి నొప్పి వచ్చినది. వారి కుమారుడు తల్లియందు భక్తి గలవాడు. "ఆ సందులలో జారిపడుదువేమో! ఫోను మీట నొక్కిన నిమిషములలో కూరలు గుమ్మమునకు వచ్చును" అని మోండా ప్రయాణము మాన్పించెను. అతని తప్పేమియు లేదు; వచ్చిన కూరలలోను తప్పు లేదు. కాని మూడు వారములలో పిన్నిగారి మాట తగ్గినది. ఒకనాడు నేను పోవునప్పటికి తూనికల పెట్టె వీథిగుమ్మము కడ నున్నది. "పాతయినుము వాడు వచ్చిన నిచ్చివేయుదును. ఇవన్నియు నింక నాకేల?" అనిరి. నేనేమియు పలుకలేకపోతిని.

మరునాడు శనివారము. మోండాలో నా కూరలు తూచి, ఆ గంప యామె తలయెత్తి, "పెద్దమ్మ ఏదమ్మా? మూడు వారాలాయె, కానొస్తలేదు. పాణం మంచిగుందా?" అని యడిగినది. సంగతి చెప్పితిని. ఆమె గుప్పెడు కరివేపాకు, నాలుగు మిరపకాయలు కాగితమున చుట్టి నా చేతబెట్టి, "ఇది నీకు కాదు, ఆమెకియ్యి" అన్నది. డబ్బు తీయబోగా కసరినది.

ఏమియు కొననివారికి కొసరు! ఆ పొట్లము చూచి పిన్నిగారు కూర ధర యడుగలేదు. "ఏమన్నది? మరల చెప్పు" అని నాచేత ముమ్మారు చెప్పించుకొనిరి. పెట్టె తిరిగి మంచము క్రిందికి పోయినది.

మేమిద్దరము పోయి కుమారునితో మాటాడితిమి. పోను రాను ఆటోలోనే పోవలెననియు, ఇరుప్రక్కల మేము నడువవలెననియు నతడు నిబంధన విధించెను. ఆ శనివారము పిన్నిగారు కొంగున పదలపు రాయి ముడివేసికొని వచ్చిరి. పది పలముల యా రాయి 350 గ్రాములు తూగవలెను. విద్యుత్తు త్రాసు మీద పెట్టగా 345 అని వచ్చినది.

"అరిగినదమ్మా, నావలెనే" అనిరి పిన్నిగారు.

"అయిదు గ్రాములేనాయె! కొసరేస్త తియ్యి" అని యామె రెండు మిరపకాయలు రాతిమీద పెట్టినది. పిన్నిగారు కన్నులు తుడుచుకొనుచు నవ్విరి. ఆనాడు బేరమాడకయే యిచ్చినంత కొనిరి. మిగిలిన చిల్లర గంపలోనే విడిచి, "ఇది నా కొసరు" అనిరి.

భోజనమునకు వచ్చిన బంధువులకు మనము కొసరి కొసరి వడ్డింతుము. అడిగి పుచ్చుకొన్న కొసరు బేరము. అడుగక పెట్టిన కొసరు చుట్టరికము. కావున, ఇకమీద మోండాలో కొసరడుగరాదు, పెట్టినచో కాదనరాదు, మనమును అప్పుడప్పుడు పెట్టవలెనని మా సభ తీర్మానించినది. పంతులుగారు విని, "ప్రతిపాదించినవా రెవరు?" అనిరి. "గంప యామె" యని చెప్పితిని.

సోదరీమణులారా! మీ యూరి సంతలో కొసరు వాడుక యెట్లున్నదో, మీ యింట పెద్దల వింత యలవాట్లేవో వ్రాయుడు. వచ్చు మాసమున ముచ్చటించుకొందము.