"స్టాట్" అంటే నిలబడ్డపాటున!

ఆసుపత్రి చీటీ మీద మందు పేరు ప్రక్కన డాక్టరుగారు "స్టాట్" అని గిలుకుతారు. ఇంగ్లీషు మాటే అనుకుంటాము గాని, అది "స్టాటిమ్" అనే లాటిను క్రియావిశేషణానికి పొట్టి రూపం. దాని ధాతువుకు నిలబడుట అని అర్థం. మొదట "నిలకడగా" అన్న అర్థమున్న ఆ మాట, పోను పోను "ఉన్నచోటనే, వెంటనే" అయింది. మన స్థానం, స్థితి, స్థిరం అన్న మాటలకు మూలమైన సంస్కృత "స్థా" ధాతువు దీనికి తోబుట్టువే.

లాటిను చదువకుండానే తెలుగువాడూ ఆ త్రోవనే నడిచాడు. "నిలబడ్డపాటున పైకం కట్టమంటే ఎట్లా?" అంటాము గదా! "తక్షణం" అంటే ఆ క్షణమే. మన పెద్దలు "ఫౌరన్ రా" అంటే, ఆ మాట అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా వచ్చినది. దాని మూలంలో పొంగు, మరుగు అన్న అర్థాలున్నాయి. ఇన్ని మాటలుండగా రోగికి తెలియని మాటే చీటీకెక్కడమేమిటి?

డాక్టరు నర్సుకు చెప్పేటప్పుడు "స్టాట్" అనడంలో తప్పు లేదు. అది వారి వృత్తిభాష. కాని చీటీ ఇంటికి పోతుంది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుని చేతికి పోతుంది. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లికి "బి.డి." అని రాసిస్తే ఏమి తోస్తుంది? రోజుకు రెండుసార్లని, "హెచ్.ఎస్." అంటే పడుకునే వేళకని ఎవరు చెప్పాలె? మందుల షాపులో చెబితే సరే, రద్దీలో మరచిపోతే? నవ్వులాటకు వచ్చినా, ప్రాణం మీదికి వచ్చే సంగతి ఇది.

మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని 2016లో భారత వైద్య మండలి నియమం చేసింది. మంచిదే. కాని ముత్యాలవంటి అక్షరాలతో రాసినా లాటిను లాటినే!

వైద్యం దేశభాషలో ఇమడదనేవారు మన చరిత్రనే చూడాలి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని సైతం ఉర్దూలో బోధించింది. ఆ భాష ఇక్కడి పల్లెజనానిది కాదన్నది వేరే మాట. శాస్త్రం మన భాషలకు లొంగుతుందని మాత్రం రుజువైంది.

నేను అంత పెద్ద కోరిక కోరడం లేదు. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. అక్కడ చదివే మిత్రులారా, రేపు మీరు రాసే ప్రతి చీటీ క్రింద ఒక్క తెలుగు వాక్యం చేర్చండి: "ఇది ఇప్పుడే వేసుకోవాలి." దానికి పట్టేది అర నిమిషం. అదీ నిలబడ్డపాటునే మొదలు కావాలి!